దాచింది ఇంజన్‌ని కాదు

సంపాదకులు గారికి,

గాల్లో తేలే ఇంజన్లు అమెరికా దగ్గర ఎప్పుడో ఉన్నాయని, దాచిపెట్టారని మా మార్నింగ్ వాక్ బ్యాచ్‌లో రోజూ ఇదే గొడవ. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

వాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేరు ఎమ్‌డ్రైవ్. 2001 ప్రాంతంలో రోజర్ షాయర్ అనే బ్రిటిష్ ఇంజనీరు ముందుకు తెచ్చాడు. ఒకవైపు సన్నగా ఉండే మూసేసిన లోహపు డబ్బా, లోపల మైక్రోవేవ్‌లు. బయటికి ఏమీ వదలకుండానే కదులుతుందట! నాసా బృందం ఒకటి 2016లో కిలోవాట్ కరెంటుకు 1.2 మిల్లీన్యూటన్ల తోపు (నెట్టే బలం) కనిపించిందని రాసింది. అంటే గ్రాములో ఎనిమిదో వంతు బరువు. దాచలేదు సరికదా, జర్నల్‌లో అచ్చేసింది. 2021లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు అసలు సంగతి తేల్చారు. డబ్బా వేడెక్కితే దాన్ని తక్కెడకు బిగించిన భాగాలు వంగి, తక్కెడ సున్నా పక్కకు జరుగుతోంది. బిగింపు మార్చగానే తోపు మాయం.

మా పిల్లలు ఒకసారి పుల్లలు, సన్నటి రాగి తీగ, అల్యూమినియం రేకుతో ‘లిఫ్టర్’ చేశారు. వేల వోల్టులు ఇవ్వగానే చిటపటలాడుతూ బెంచీ మీంచి జానెడు లేచింది. యాంటీగ్రావిటీ, అంటే భూమి ఆకర్షణనే రద్దు చేశామని ఒకటే ఈలలు. పక్కన అగరుబత్తి పెట్టి చూపించాను. పొగ మొత్తం కిందికి కొట్టుకుపోతోంది. అయాన్లు, అంటే విద్యుదావేశం ఎక్కిన గాలి కణాలు, తోసిన గాలే దాన్ని లేపుతోంది, అంతే.

ఇలాంటి వార్తలు వేసేటప్పుడు తూకం ఎలా వేశారో కూడా ఒక్క లైను వేయండి సార్.

— ఓ రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు, తెనాలి