ముక్కు దగ్గర వేలు

పెరంబూర్, చెన్నై
గురువారం

చి. వాసుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నగారి మోకాలు నొప్పి తగ్గింది, మెట్లు ఎక్కొద్దంటే మాత్రం వినరు. కింద వాటా వాళ్లు ఖాళీ చేశారు. మూడు వారాలుగా పొద్దున పూట ఎప్పుడు చేసినా నీ ఫోన్ ఆఫ్‌లోనే ఉంటోంది. అందుకే కాగితం తీశాను. అంతకు మించి విశేషమేమీ లేదు.

శారద పిన్ని మీ ఊరి నుంచి వచ్చింది. అక్కడ చలి మొదలైందట. గోధుమరంగు స్వెట్టర్ వేసుకుంటున్నావా? మాటల్లో ఇంకోటి కూడా అంది. తెల్లవారుజామున నువ్వు ధ్యానానికి కూర్చుంటే ఊపిరి ఆగిపోతోందట. నీ గదిలో కుర్రాడు భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడట. పిన్ని నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మకేం తెలుసులే అనుకోకు. ప్రతి శుక్రవారం లలితా సహస్రం చదివేదాన్ని. "మూలాధారైకనిలయా" అని వెన్ను అడుగున మొదలుపెట్టి, దారిలో గ్రంథులు, అంటే ముడులు దాటించి, నడినెత్తిన సహస్రారం ఎక్కించి, "కుండలినీ బిసతంతుతనీయసీ" అంటాం. వెన్ను అడుగున నిద్రపోతుందనే ఆ కుండలిని శక్తి, ఊపిరి బిగపట్టి లేపాలని చూస్తారే అది, తామరతూడులో దారమంత సన్ననిదట. అంత సన్నని దారాన్ని ఎవరైనా లాగుతారా?

మా సుబ్బు చిన్నాన్న సంగతి నీకు సగమే తెలుసు. రైలు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోకముందు, అక్కడ అట్ట లేని పాత పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో చూసి 16 లెక్కపెడుతూ గాలి పీల్చడం, 64 దాకా బిగపట్టడం, 32లో వదలడం. పక్కన చెప్పేవాళ్లు లేరు. తెల్లారకముందే డాబా మీద ఒక చేత్తో ముక్కు, ఇంకో చేతి వేళ్ల మీద లెక్క. నాకప్పుడు పదేళ్లు. మెట్ల మీద కూర్చుని నేనూ బిగపట్టేదాన్ని, ఇరవై దాటేది కాదు. నెల తిరిగేసరికి ఆయనకి వెన్నులో చీమలు పాకడం, మెడ దానంతట అదే విదిలించడం, మాడు కాలిపోతోందని పంపు కింద తల పెట్టడం. కుండలిని లేచిందని వీధంతా చెప్పాడు. మా నానమ్మ మాత్రం "లేచింది వేడిరా" అని మజ్జిగన్నం పెట్టి నెత్తిన ఆముదం అంటింది. ఒకరోజు లెక్క మధ్యలో ఒరిగిపోయి పిట్టగోడకి నుదురు కొట్టుకున్నాడు. మూడు కుట్లు, పది రోజుల జీతం నష్టం. కుట్లు విప్పాక తాతయ్య ఆయన్ని మైలాపూర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను, నాకు రోజ్‌మిల్క్ కొనిపెట్టారు. ఆ పెద్దాయన హఠయోగ ప్రదీపికలో శ్లోకం చదివారు. సింహాన్నీ ఏనుగునీ పులినీ మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టే ఊపిరినీ చేసుకోవాలట, కాదంటే సాధకుణ్ణే చంపుతుందట. "ఫిట్టరువి కదా, బిగుసుకున్న నట్టుని సుత్తితో కొడతావా?" అని అడిగారు. చిన్నాన్న నోరెత్తలేదు.

ఆ రోజుతో ముక్కు పట్టడం మానేశాడు. ఊరికే కూర్చునేవాడు. నా పెళ్లయిన చాలా ఏళ్లకి ఒకసారి మెల్లగా చెప్పాడు, "ఇప్పుడు అదే ఆగుతోందే అమ్మాయ్. ఆగిందని తెలిసేసరికి మళ్లీ నడుస్తోంది" అని. పట్టి ఆపేది సహిత కుంభకమట, దానంతట అది నిలిచేది కేవల కుంభకమట. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు.

మరి నీది ఏది? సూదిలో దారం ఎక్కించేటప్పుడు నాకూ ఊపిరి నిలుస్తుంది, దానికి భయపడను. ఒంటికి గాలి కావలసి వస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి శరీరమే లాక్కుంటుందని మన రమ చెప్పింది. (నీ పేరు ఎత్తలేదు. డాక్టరు కదా, కనిపెట్టేసింది.) గబగబా ఊపిరి తీసి వదిలి, ఆ తరవాత బిగపడితే మరీ ప్రమాదమట. ఆ వాయువు ముందే తగ్గిపోయి, ఒళ్లు హెచ్చరించకుండానే స్పృహ పోతుందట. అలాంటివేమైనా నేర్పుతున్నారా అక్కడ? ఈత కొట్టేటప్పుడు అసలు వద్దు. నిద్రలో కూడా ఆగుతోందేమో ఆ కుర్రాణ్ణి అడుగు. గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే అది కుండలిని కాదు నాయనా, డాక్టరుకి చూపించుకోవాలి.

నిన్న ఎంతసేపు, ఇవాళ ఎంతసేపు అని ఫోన్‌లో టైం చూసుకుంటున్నావేమో. చిన్నప్పుడూ అంతే, పాలపన్ను ఊడేదాకా ఆగలేక దారం కట్టి లాగేవాడివి. అది ఆగితే ఆగనీ, నడిస్తే నడవనీ. నువ్వు మధ్యలో దూరకు. లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నాను, చూడు.

పిన్ని ఆదివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి అక్కడికి వస్తోంది. ఈ ఉత్తరంతో పాటు గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి, నెయ్యి పంపుతున్నాను. నెయ్యి దాచిపెట్టకు, వేడన్నంలో వేసుకో. కడుపు మాడ్చుకుని గంటలు గంటలు కూర్చోకు. అరిసెలు ఆ కుర్రాడికి. డబ్బా మూత మీద నా నంబర్ రాశాను, ఈసారి భయమేస్తే వేలు తరవాత, ముందు నాకు ఫోన్ చెయ్యమను.

నాన్నగారికి ఇదంతా తెలియదు. నువ్వు చేసినప్పుడు ఆయన ఎత్తితే మోకాలు గురించి అడుగు.

అమ్మ