అద్దాల బీరువా తీసేస్తున్నాం: కొత్త బోర్బన్, రై బాటిళ్ళ సంగతి

డాలస్ చుట్టుపక్కల నుంచి మన షాపుకు వచ్చే అందరికీ నమస్తే.

కౌంటర్ వెనక తాళం వేసి ఉండే అద్దాల బీరువా ఈ వారం నుంచి కనపడదు. అందులో పెట్టే బ్లాంటన్స్, వెల్లర్, ఈ.హెచ్. టేలర్ లాంటి అరుదైన బోర్బన్లు (మొక్కజొన్న ఎక్కువగా వేసి కాచే అమెరికా విస్కీలు) ఇకమీదట మిగతా విస్కీల పక్కనే, కంపెనీ సూచించిన ధరకే ఉంటాయి. మనిషికి ఒక్కటి. ముందొచ్చినవాళ్ళకు ముందు. పాయింట్ల పద్ధతి కూడా ఆపేస్తున్నాం. ఇప్పటికే పాయింట్లు కూడబెట్టుకున్నవాళ్ళు టెన్షన్ పడకండి, వచ్చే నెలాఖరులోపు ఏ బాటిల్ మీదైనా తగ్గింపుగా వాడేసుకోండి. బ్లాంటన్స్ పేరులోని ఒక్కో అక్షరం ఉండే గుర్రం బొమ్మ మూతలు ఎనిమిదీ సేకరించే తమ్ముళ్ళు తమకు కావలసిన అక్షరం ఉందో లేదో చూసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. పెట్టె మాత్రం చింపొద్దు.

రెండో మార్పు నాకు ఇంకా ముఖ్యం. కొత్త రిలీజ్ ఏది వచ్చినా అందులో ఒక బాటిల్ ఇక్కడే మూత తీస్తాం. దాని పక్కన అదే కంపెనీ మామూలు బాటిల్ పెట్టి, పేర్లు కనపడకుండా పోస్తాం. తాగి చూసి, నచ్చితేనే కొనండి.

ఎందుకంటే, దాచేదేముంది, డబ్బు లెక్కే. కెంటకీ గోదాముల్లో 2025 మొదట్లోనే కోటీ అరవై లక్షలకు పైగా పీపాలు నిండి ఉన్నాయి. అంత సరుకు పెట్టుకుని ఇంకా కాయడం ఎందుకని జిమ్ బీమ్ వాళ్ళు 2026 అంతా క్లెర్‌మాంట్‌లోని ప్రధాన డిస్టిలరీలో తయారీ ఆపుతామని ప్రకటించారు. బ్రౌన్-ఫోర్మన్ వాళ్ళు లూయివిల్‌లో సొంత పీపాల ఫ్యాక్టరీనే మూసేశారు. కెనడాలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ దుకాణాలు 2025 మార్చిలో అమెరికా మందును షెల్ఫుల నుంచి తీసేశాయి. మూడేళ్ళ కింద చేతులు మారే కొద్దీ రేటు పెరిగిన బాటిళ్ళను ఇప్పుడు "కొంటావా అన్నా" అని నాకే తెచ్చి చూపిస్తున్నారు. కొనను. లైసెన్సు లేనివాళ్ళ దగ్గర కొంటే నా లైసెన్సు పోతుంది.

అలాంటప్పుడు బీరువాలో బాటిల్ పెట్టి రేటు పెరిగేదాకా కాపలా కాయడం నాలాంటి చిన్న షాపుకు గిట్టదు. టెక్సస్‌లో మేం అప్పు మీద తెచ్చే లిక్కర్‌కు నెలలో రెండు గడువులు: ఒకటో తేదీ నుంచి పదిహేను దాకా తెచ్చినదానికి 25లోపు, ఆ తర్వాత తెచ్చినదానికి వచ్చే నెల 10లోపు కట్టాలి. తప్పితే పేరు బకాయిల జాబితాలోకి ఎక్కుతుంది, కట్టేదాకా ఏ డిస్ట్రిబ్యూటరూ సరుకు వేయడు. ఇక అరుదైన బాటిళ్ళు ఎవరికి ఎన్ని అనేది, మిగతా సరుకు ఎవరు ఎంత ఎత్తారన్నదాన్ని బట్టి తేలుతుంది. నోటితో ఎవరూ అనరు. కానీ మాకు సరుకు వేసే ఒకాయన నవ్వుతూ పీచ్ వోడ్కా గురించి మాట్లాడటం మొదలుపెట్టాడంటే నాకు అర్థమైపోతుంది. ఆ వోడ్కా ఇంకా వెనక గదిలో ఉంది, ఎవరికైనా పార్టీ ఉంటే కొన్న ధరకే ఇస్తా.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే మందుకు, వద్దాం.

పోయిన నెల ఒక సాయంత్రం రోజూ వచ్చేవాళ్ళు కొందరితో ఈ పద్ధతి పరీక్షించాం. టేస్టింగ్‌లో ఒక్కో రకం అర ఔన్సుకు, అంటే 15 మిల్లీలీటర్లకు, మించి పోయకూడదని చట్టం. మొదట వైల్డ్ టర్కీ 101 రెండు రకాలు పెట్టాం. ఒకటి ఎప్పుడూ దొరికేది, ఇంకోటి 2025లో మళ్ళీ అమెరికా మార్కెట్లోకి వచ్చిన 8 ఏళ్ళ లేబుల్‌ది. రెండూ 101 ప్రూఫే (ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు) కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. ఎనిమిదేళ్ళదానిలో చెక్క వాసన, మాడిన చక్కెర ఘాటు కాస్త ఎక్కువ, మింగాక రుచి కాసేపు నిలబడుతుంది. నీట్‌గా, అంటే ఏమీ కలపకుండా, తాగేవాళ్ళు చాలామంది తేడా పట్టేశారు. ఐస్ వేసుకున్నవాళ్ళు తికమకపడ్డారు. సోడా కలిపాక మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు, నేనూ కలిపి. మన దగ్గర మామూలుది 28 డాలర్లు, ఎనిమిదేళ్ళది 45. మీరెలా తాగుతారో మీకు తెలుసు కదా, దాన్ని బట్టి తీసుకోండి.

రెండో రౌండులో ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్, అంటే నీళ్ళు కలపకుండా పీపాలో ఉన్న ఘాటుతోనే సీసాలో పోసిన బోర్బన్. ఇది ఏటా మూడుసార్లు వస్తుంది, కోడ్‌లోనే జాతకం ఉంటుంది. మొదటి అక్షరం ఆ ఏడాది ఎన్నో విడతో, తర్వాతి అంకె నెల, చివరి రెండూ సంవత్సరం. సి923 అంటే 2023 సెప్టెంబర్, మూడో విడత: 13 ఏళ్ళ 7 నెలల వయసు, 133 ప్రూఫ్. దాని తర్వాత వచ్చిన ఎ124 ఏమో 10 ఏళ్ళ 9 నెలలు, 119 ప్రూఫ్. లేబుల్ అదే, సీసా అదే, లోపల ఉన్నది వేరే మందు. "పోయినసారిది అదిరింది, ఇదేంటి ఇలా ఉంది" అని నన్ను అడిగేవాళ్ళు ముందు ఆ కోడ్ చూడండి.

ఇలాంటి 130 ప్రూఫ్ బాటిల్‌ను 100 ప్రూఫ్ దాని పక్కన పెట్టి యథాతథంగా తాగితే పోలిక కుదరదు. స్పిరిట్ నాలుకను మొద్దుబారుస్తుంది, ఆ దెబ్బకు రెండోది చప్పగా అనిపిస్తుంది. 15 మిల్లీలీటర్ల 130 ప్రూఫ్ విస్కీలో ఒక టీస్పూను నీళ్ళు పోయండి, సుమారుగా 100 ప్రూఫ్ దగ్గరికి వస్తుంది. రెండు నిమిషాలు ఆగి వాసన చూడండి. నీళ్ళు పోస్తే విస్కీని అవమానించినట్టు చూసే అన్నలు మన షాపులోనే ఉన్నారు. అన్నా, బాటిల్‌లో పోసేముందు కంపెనీవాళ్ళు చేసేది కూడా అదే పని.

రై (గోధుమలాంటి రై గింజతో కాచే విస్కీ) దగ్గరికి వచ్చేసరికి గొడవ మొదలైంది. మనవాళ్ళలో ఎక్కువమంది మాట: "రై మనకు పడదన్నా." ఏ రై తాగావని అడిగితే చాలామంది చెప్పేది ఒకే కోవకు చెందిన బాటిల్. చట్టం ప్రకారం బోర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, రై విస్కీలో కనీసం 51 శాతం రై గింజ ఉండాలి; రెండూ లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే పెట్టాలి. అయితే 51కీ 95కీ మధ్య చాలా దూరముంది. ఇండియానాలోని లారెన్స్‌బర్గ్‌లో ఒక పెద్ద డిస్టిలరీ 95 శాతం రై, 5 శాతం బార్లీ మాల్ట్‌తో కాచి ఎన్నో కంపెనీలకు అమ్ముతుంది. (వైల్డ్ టర్కీ ఉన్నది కెంటకీలోని లారెన్స్‌బర్గ్, ఇది వేరే ఊరు.) బులెట్ రై ఆ 95 శాతం కోవలోదే. మూత తీయగానే పుదీనా, సోయకూర వాసన వస్తుంది. సోయకూర పప్పు ఇష్టమైనవాళ్ళకు ఇది భలే నచ్చుతుంది. ఆ వాసనే గిట్టనివాళ్ళు రై మొత్తాన్నీ పక్కన పెట్టేస్తున్నారు.

రిటెన్‌హౌస్ రై అలా ఉండదు. హెవెన్ హిల్ కంపెనీవాళ్ళు కాచేది: 51 శాతం రై, 35 శాతం మొక్కజొన్న, మిగతా 14 బార్లీ మాల్ట్. బాటిల్డ్ ఇన్ బాండ్ ముద్ర ఉంది కాబట్టి కనీసం నాలుగేళ్ళ వయసు, సరిగ్గా 100 ప్రూఫ్, ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్ సరుకు. 1897 నాటి చట్టం ఇది, ఇప్పటికీ లేబుల్ మీద నేను నమ్మే మాట ఇదే. తాగితే ముందు బోర్బన్ తీపి తగులుతుంది, తర్వాత మిరియాల కారం మెల్లగా పైకి వస్తుంది. రై పడదన్న తమ్ముడు ఒకతను పేరు తెలియకుండా దీన్ని తాగి, "ఇది బోర్బన్ కదా, కొంచెం ఘాటుది" అన్నాడు. బాటిల్ చూపిస్తే ఒప్పుకోలేదు, ఇంకో గ్లాసు కడిగి మళ్ళీ వాసన చూసుకున్నాడు. అతని పక్కనున్న ఆయన మాత్రం 95 శాతం దానికే ఓటేశాడు, రిటెన్‌హౌస్ తీపి ఎక్కువైందట. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. నేను మధ్యలో దూరలేదు.

నాబ్ క్రీక్ రై విస్కీలో 7 ఏళ్ళదీ 2024లో వచ్చిన 10 ఏళ్ళదీ రెండూ 100 ప్రూఫే. పదేళ్ళదానిలో రై గింజ ఘాటు తగ్గి, చెక్క, లవంగం ముందుకొచ్చాయి. నా నోటికి ఏడేళ్ళదే బాగుంది. రై కావాలని కొనుక్కుని చెక్క తాగడం దేనికి? ఇది నా అభిప్రాయం మాత్రమే, పాత మందు ప్రియులు తిట్టుకోవచ్చు.

అందుకే రై షెల్ఫ్‌ను పెద్దది చేస్తున్నాం. చోటు కోసం, వేరేవాళ్ళ దగ్గర మందు కొని కొత్త పేరు, బరువైన సీసా తగిలించి వంద డాలర్లకు అమ్మే బోర్బన్లు కొన్నిటిని తీసేస్తున్నాం. టెక్సస్ విస్కీలు ఉంటాయి. వేకో, హై ఊళ్ళ ఎండకు పీపాలోంచి ఆవిరయ్యేది ఎక్కువ, చెక్క రుచి కూడా మందులోకి త్వరగా దిగుతుంది; వయసు అంకె చూసి వాటిని చిన్నచూపు చూడకండి.

ఇండియా వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అక్కడ డ్యూటీ ఫ్రీ రెండు లీటర్ల వరకే. 750 మిల్లీలీటర్లవి మూడు పెడితే లెక్క దాటిపోతుంది. ఒక లీటరువి రెండు తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది, వైల్డ్ టర్కీ 101 ఆ సైజులో మన దగ్గర ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో ఇండియా బోర్బన్ మీద సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించింది కానీ, హైదరాబాద్ షాపులో రేటు చూస్తే ఇక్కడి నుంచి మోసుకెళ్ళడమే నయం అనిపిస్తుంది. 140 ప్రూఫ్ దాటిన బాటిళ్ళను విమానం ఎక్కనివ్వరు, చెక్-ఇన్ లగేజీలో కూడా. పోయిన సంక్రాంతి ముందు ఒకాయన మామగారికని అలాంటిదే అడిగారు. మామగారు ఎలా తాగుతారని అడిగితే థమ్సప్‌లో అన్నారు. జాక్ డేనియల్స్ లీటరు ఇచ్చి పంపాను.

మొదటి టేస్టింగ్ ఈ గురువారం సాయంత్రం 6 నుంచి 8 దాకా, మూడు రై విస్కీలతో. డబ్బేమీ తీసుకోం. ఐడీ తెచ్చుకోండి, ఏదైనా తిని రండి, కారు నడపని మనిషిని వెంట తెచ్చుకోండి. ఆదివారం పెట్టమని చాలామంది అడిగారు. టెక్సస్‌లో ఆదివారం లిక్కర్ షాపు తెరవనివ్వరు, నా చేతిలో లేదు.

ఎలైజా క్రెయిగ్ కొత్త బ్యాచ్ వస్తోందని డిస్ట్రిబ్యూటర్ అంటున్నాడు. చేతికొచ్చాకే చెప్తాను. ఫోన్ చేసి ఒకటి పక్కన పెట్టమంటే మాత్రం పెట్టను, మా బావమరిదికి కూడా అదే చెప్పాను.