దాగలి కొనేముందు ఇది చదువు

బిడ్డా,

నువ్వు పంపిన రెండు దాగలుల, అదే కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మల, ఫొటోలు రాత్రి పెద్దవి చేసి చూశాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా, శనివారం వెళ్లేటప్పుడు దగ్గర పెట్టుకో. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకుంటూనే కొలిమి పని నేర్చుకుంటున్నావని లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో నాతోపాటు పనిచేసిన వాళ్లందరికీ చెప్పుకున్నాను, వాళ్లకూ ఎంత సంతోషమో.

నీ మనసు ఆ నల్ల రంగు వేసినదాని మీద ఉంది. నాకు మాత్రం దాన్ని చూస్తేనే అనుమానం. అంత పాతదానికి మొహం, అంటే దెబ్బ పడే పైభాగం, అద్దంలా, అంచులు కత్తిలా ఉన్నాయంటే ఎవరో మిషన్ మీద పెట్టి చెక్కించి ఉంటారు, లేదా విరిగినచోట వెల్డింగ్ చేసి రంగు పూసి ఉంటారు. పాత ఇంగ్లిష్ దాగలికి కింద బాడీ అంతా మెత్తటి ఇనుమే, పైన సుమారు అరంగుళం మందం ఉక్కు పలక అతికించి, దానికి పాయనం పెడతారు, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరుస్తారు. మనం డబ్బు పెట్టేది ఆ పలక కోసమే. చెక్కిన కొద్దీ అది పలచబడుతుంది, వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల మెత్తబడుతుంది, రంగు కింద ఏముందో దేవుడికే తెలియాలి.

ఆ తుప్పు పట్టినదాన్ని బాగా చూడు. పక్కన పీటర్ రైట్ అని చేసినవాళ్ల పేరూ, గుండ్రంగా సాలిడ్ రాట్ (పోత కాదు, కొట్టి చేసిన ఇనుము) అనీ గుద్ది ఉంది కదా, అవి మీ ఊరి పక్కనే డడ్లీలో చేసేవాళ్లు. దాని మీద 1 1 14 అని ఉన్న అంకెలు సీరియల్ నంబరు కాదు, బరువు. మొదటి అంకె ఎన్ని 112 పౌన్లో, రెండోది ఎన్ని 28 పౌన్లో చెబుతుంది, మూడోది విడి పౌన్లు. కూడితే 154, అంటే దాదాపు 70 కిలోలు, నీ పనికి సరిపోతుంది.

అంచులు పెచ్చులూడాయని భయపడకు, ఎక్కడో ఒకచోట నాలుగంగుళాల మంచి అంచు దొరికితే చాలు. మధ్యలో కాస్త గుంట పడినా పర్లేదు, వంకరపోయిన కడ్డీని సరిచేయడానికి అదే పనికొస్తుంది. స్కేలు అంచును మొహం మీద పొడుగునా ఆనించి చూడు, కింద నీ చిటికెన వేలు దూరేంత సందుంటే మాత్రం వద్దు.

అసలు పరీక్ష బేరింగ్ గోళీతో. అంగుళం గోళీ ఒకటి సంపాదించు, పడేచోట తుప్పు రుద్ది శుభ్రం చేసి, స్కేలు పక్కన పెట్టుకుని 10 అంగుళాల ఎత్తు నుంచి ఊరికే వదిలెయ్, విసరకు. తిరిగి 7, 8 అంగుళాలు ఎగిరిందంటే మొహం గట్టిగా ఉన్నట్టే, 5 కూడా దాటకపోతే అమ్మే ఆయన ఎంత తగ్గించినా తీసుకోకు. ఒక్కచోట చూసి ఊరుకోకు, కొమ్ము (మొనదేలిన చివర) దగ్గర్నుంచి తోక (దాని ఎదుటి చివర) దాకా వేసుకుంటూ పో. తోక వైపు కింద ఆనుడు లేదు కాబట్టి అక్కడ కొంచెం తక్కువ ఎగరడం మామూలే. మధ్యలో మాత్రం ఒకచోట బాగా ఎగిరి పక్కనే చచ్చుగా పడిందంటే పలక కింద విడిపోయి ఉండొచ్చు. అప్పుడు చిన్న సుత్తితో మెల్లగా తట్టి విను, ఖంగుమని మోగాల్సింది ఆ ఒక్కచోటే డబ్బా కొట్టినట్టు మొద్దుగా వస్తే ఇక సందేహం అక్కర్లేదు. మోత రానివన్నీ చెడ్డవని కాదు, అమెరికాలో చేసిన ఫిషర్ దాగలి మోగదు, దాని తయారీయే అంత. అంచుల మీద మాత్రం ఎప్పుడూ కొట్టకు, గట్టి ఉక్కు పెచ్చు లేచిందంటే తిన్నగా కంట్లోకే వస్తుంది, కళ్లద్దాలు లేకుండా అసలు ముట్టుకోవద్దు.

ఇంకోటి, ఇది ఎప్పుడైనా అగ్నిప్రమాదంలో పడిందా అని ఆయన్ని అడుగు. ఇల్లో షెడ్డో కాలిపోయినప్పుడు అందులో ఉన్న దాగలికి పాయనం పోతుంది, పైకి ఏమీ తెలియదు. ఆయన చెప్పకపోయినా గోళీ చెబుతుంది. పాత ఆకురాయి ఒకటి పట్టుకెళ్లి మొహం మీద ఒక్కసారి లాగి చూసినా సరే, జారిపోతే మంచిది, కొరికితే మెత్తది.

గోళీ బాగా ఎగిరితే బేరం కోసం మరీ సాగదీయకు, అడ్వాన్సు ఇచ్చి వచ్చేయ్. తేవడానికి మీ క్లాసులో ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లు, నువ్వొక్కదానివే ఎత్తబోయి నడుం పట్టేలా చేసుకోకు. తెచ్చాక మొహం మీద గ్రైండరు పెట్టొద్దు, పెచ్చులూడిన అంచుల దగ్గర మొనలు మాత్రం ఆకురాయితో గుండ్రంగా రాసి, నూనె గుడ్డతో తుడిచి పని మొదలుపెట్టు.

నాన్న