ఆష్‌విట్జ్ ఏ ప్రావిన్స్‌లో ఉందో రాసేటప్పుడు ఏడాదీ చూడాలి

సంపాదకుల వారికి,

పోలెండ్‌లో నాజీల ఆష్‌విట్జ్ శిబిరం ఉన్న ఓష్‌వ్యెంచిమ్ పట్టణం పాత రచనల్లో ‘బ్యెల్‌స్కో ప్రావిన్స్’ కింద, కొత్త వాటిలో ‘మావోపోల్‌స్కా ప్రావిన్స్’ కింద కనిపిస్తుంది. అనువాదకులూ క్విజ్ పుస్తకాలు రాసేవారూ మొదటిదాన్ని పొరపాటనుకుని దిద్దవద్దని నా మనవి. 1979లో యునెస్కో ఆ శిబిరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన నాటికి అది బ్యెల్‌స్కో ప్రావిన్స్‌లోనే ఉంది. అదే ఏడాది జూన్ 7న పోప్ రెండో జాన్ పాల్ తాను పుట్టిన వాదోవిత్సెనూ, ఆష్‌విట్జ్‌నూ సందర్శించారు. ఆ రెండూ కూడా అప్పుడు ఆ ప్రావిన్స్ ఊళ్లే.

బ్యెల్‌స్కో ప్రావిన్స్ పుట్టింది 1975 జూన్ 1న. అంతవరకు పోలెండ్‌లో 17 ప్రావిన్స్‌లు, వాటితో సమాన హోదా ఉన్న 5 నగరాలు ఉండేవి. కమ్యూనిస్టు పార్టీ నేత గియెరెక్ నాయకత్వంలోని ప్రభుత్వం వాటిని 49 ప్రావిన్స్‌లుగా విడగొట్టింది. మన జిల్లాను పోలిన ‘పొవ్యాత్’ అనే మధ్య అంచెను పూర్తిగా ఎత్తేసి, కింద మన మండలాన్ని పోలిన ‘గ్మినా’లను మాత్రం ఉంచింది. పాలన జనానికి దగ్గరవుతుందన్నది పైకి చెప్పిన మాట. పెద్ద ప్రావిన్స్‌ల పార్టీ కార్యదర్శుల బలం తగ్గించడమే అసలు ఉద్దేశమని చరిత్రకారులు చాలామంది అంటారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. ప్రావిన్స్ ఎంత చిన్నదైతే దాని కార్యదర్శి వార్సాకు అంతగా లోబడి ఉంటాడు.

కొత్త ప్రావిన్స్‌కు కతోవిత్సె ప్రావిన్స్ నుంచి కొంత, క్రాకో ప్రావిన్స్ నుంచి కొంత కత్తిరించి ఇచ్చారు. విస్తీర్ణం సుమారు 3,700 చదరపు కిలోమీటర్లు. కేంద్రమైన బ్యెల్‌స్కో-బ్యావా నగరమే రెండు ఊళ్ల కలయిక. మధ్యలో పారే బ్యావా నది శతాబ్దాల పాటు సరిహద్దు. ఆస్ట్రియా ఏలుబడిలో పడమటి ఒడ్డున ఉన్న బ్యెల్‌స్కో సైలీషియా అనే ప్రాంతానిది, తూర్పు ఒడ్డున ఉన్న బ్యావా గలీషియా అనే ప్రాంతానిది. 1951 జనవరి 1న రెంటినీ ఒకే నగరం చేశారు. 1975 ప్రావిన్స్ ఇంకా విచిత్రమైనది. చెషిన్ సైలీషియాకు చెందింది, జీవ్యెట్స్, వాదోవిత్సె, ఓష్‌వ్యెంచిమ్ గలీషియాకు చెందినవి. వాటన్నిటినీ ఒకే పాలన కిందికి తెచ్చారు.

1998లో ప్రధాని బుజెక్ ప్రభుత్వం 12 పెద్ద ప్రావిన్స్‌లు చాలని ప్రతిపాదించింది. హోదా పోతుందని పలు నగరాల్లో నిరసనలు రేగాయి. చట్టసభ ఆమోదించిన ఒక రూపాన్ని అధ్యక్షుడు క్వాష్‌న్యెవ్‌స్కీ వీటో చేశాక, చివరికి 16 దగ్గర రాజీ కుదిరింది. అవి 1999 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి, పొవ్యాత్‌లు కూడా తిరిగొచ్చాయి. బ్యెల్‌స్కో ప్రావిన్స్ రెండు ముక్కలైంది. బ్యెల్‌స్కో-బ్యావా, చెషిన్, జీవ్యెట్స్ కొత్త సైలీషియా ప్రావిన్స్‌కు వెళ్లాయి. ఓష్‌వ్యెంచిమ్, వాదోవిత్సె, సుహా బెస్కిద్స్కా మావోపోల్‌స్కాకు వెళ్లాయి. ఈ గీత పాత సరిహద్దును అనుసరించలేదు. ఒకప్పటి గలీషియా పట్టణాలైన బ్యావా, జీవ్యెట్స్ నేడు సైలీషియా ప్రావిన్స్‌లో ఉన్నాయి.

అందువల్ల ఓష్‌వ్యెంచిమ్ గురించి రాసేటప్పుడు వరస ఇలా చూసుకోవాలి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య క్రాకో ప్రావిన్స్. యుద్ధకాలంలో జర్మనీ దాన్ని తనలో కలిపేసుకుని బీలిట్జ్ జిల్లాలో పెట్టింది; బీలిట్జ్ అంటే బ్యెల్‌స్కోకే జర్మన్ పేరు. యుద్ధం తర్వాత 1975 దాకా మళ్లీ క్రాకో, 1998 చివరి దాకా బ్యెల్‌స్కో, ఆపైన మావోపోల్‌స్కా. అదే బ్యెల్‌స్కో-బ్యావా గురించైతే, 1953 మార్చి నుంచి 1956 డిసెంబరు దాకా ‘స్టాలినోగ్రుద్ ప్రావిన్స్’ అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ నగరం అప్పుడున్న కతోవిత్సె ప్రావిన్స్‌కు స్టాలిన్ పేరు పెట్టిన రోజులవి.

1975–98 మధ్య కాగితంలో పొవ్యాత్ పేరు లేకపోతే ఏదో జారిపోయిందని అనుకోకూడదు, అప్పుడు పొవ్యాత్‌లే లేవు. అనువాదంలో నేటి పొవ్యాత్‌ను చేర్చితే లేనిది రాసినట్టవుతుంది. సూర్యాపేటలో 2015లో ఇచ్చిన పత్రం మీద నల్గొండ జిల్లా అని ఉంటే దాన్ని మనం మార్చం కదా. పిన్‌కోడ్‌ను బట్టి ప్రావిన్స్ ఊహించడమూ ప్రమాదమే. పోలెండ్ పిన్‌కోడ్‌లు 1973లో వచ్చాయి, తర్వాతి విభజనలను బట్టి వాటిని మార్చలేదు. జీవ్యెట్స్‌ది 34-300, వాదోవిత్సెది 34-100. నేడు అవి వేర్వేరు ప్రావిన్స్‌లు. పేర్లతోనూ జాగ్రత్త పడాలి. తూర్పున బ్యెల్స్క్ పొద్లాస్కీ పేరుతో ఇంకో పొవ్యాత్ ఉంది, బ్యావా పొద్లాస్కా పేరుతో 1998 దాకా ఇంకో ప్రావిన్స్ ఉండేది. వాటికీ ఈ బ్యెల్‌స్కోకూ సంబంధం లేదు.

జనన పత్రాల కోసం వెతికేవారికి ప్రావిన్స్ మార్పు అడ్డం కాదు, రికార్డులుండేది గ్మినా స్థాయి పౌర నమోదు కార్యాలయంలో. జనన పుస్తకాలు 100 ఏళ్లు, వివాహ, మరణ పుస్తకాలు 80 ఏళ్లు అక్కడే ఉండి, తర్వాత ప్రభుత్వ అభిలేఖాగారానికి వెళ్తాయి. కతోవిత్సె అభిలేఖాగారానికి బ్యెల్‌స్కో-బ్యావాలో శాఖ ఉంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు