అది గెడ కాదు, విస్కర్ పోల్

సంపాదకులు గారికి,

మీ జిల్లా పేజీలో తెరచాప పడవల పందెం ఫొటో కింద ‘గెడతో పడవను తోస్తున్న యువకులు’ అని వేశారు. పైన వార్తలో ఆ పడవ ‘స్పిన్నేకర్ ఎత్తి’ దూసుకుపోయిందని రాశారు. రెండూ తప్పే. గెడ నీళ్ళలోకి దిగుతుంది, అడుగు నేలకు ఆనించి తోస్తారు. ఫొటోలో కర్ర నీళ్ళను ముట్టుకోనే లేదు. దాని ఒక కొస మాస్ట్‌కు, అంటే చాపలను మోసే నిలువు స్తంభానికి, ఉన్న రింగులో, రెండో కొస ముందు చాప మూలలో ఉంది. దాన్ని విస్కర్ పోల్ అంటారు. విస్కర్ అంటే మీసం, కావాలంటే మీసం కర్ర అని రాసుకోండి. ఇక అది నాన్-స్పిన్నేకర్ పందెమని మీ వార్తలోనే ఉంది. బుడగలా ఉబ్బే ఆ పల్చటి చాపను అందులో ఎత్తనే కూడదు.

గాలి సరిగ్గా వెనక నుంచి కొడుతున్నప్పుడు మెయిన్, అంటే పెద్ద చాప, ఒక పక్కకు పూర్తిగా తెరుచుకుంటుంది. ముందుండే చిన్న చాప, జిబ్, కూడా అదే పక్కన ఉంటే పెద్ద చాప చాటున దానికి గాలి అందదు, ఆరేసిన తడిగుడ్డలా వేలాడుతుంది. అందుకని జిబ్‌ను రెండో పక్కకు తిప్పుతారు. వెనక నుంచి చూస్తే గూడబాతు రెక్కలు విప్పినట్టుంటుంది. అయితే కర్ర దన్ను లేకపోతే గాలి కాస్త పక్కకు మళ్ళగానే, అల మీద పడవ ఒరగగానే ఆ రెక్క ముడుచుకుపోతుంది. పోల్ ఉంటే గాలి నేరువెనక నుంచి 15, 20 డిగ్రీలు మళ్ళినా చాప నిలుస్తుంది. అంతకు మించి పక్కగాలి అయితే పోల్ తీసి జిబ్‌ను పెద్ద చాప పక్కకే తెచ్చుకోవడం మంచిది.

నేరుగా పోకుండా కాస్త వంకరగా పోతే వేగం వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ దూరం పెరుగుతుంది. గురికి 20 డిగ్రీలు వారగా వెళ్ళి, మళ్ళీ అంతే వారగా వెనక్కి వస్తే కిలోమీటరుకు 64 మీటర్లు ఎక్కువ నడవాలి. 30 డిగ్రీలైతే 155 మీటర్లు. స్పిన్నేకర్ ఉన్న పడవకు ఆ దూరం గిట్టుబాటవుతుంది. మామూలు చాపలతో చాలాసార్లు కాదు, అందుకే ఈ కర్రకు అంత విలువ.

కర్ర పెట్టడంలో వరస ముఖ్యం. ఎన్‌సీసీ నేవల్ కేడెట్లు నడిపే ఎంటర్‌ప్రైజ్ లాంటి ఇద్దరు మనుషుల పడవలో ముందు కర్ర ఒక కొసను జిబ్ మూలకు తగిలించి, కర్రను బయటికి తోసి, ఆ తర్వాతే రెండో కొసను మాస్ట్ రింగులో వెయ్యాలి. మాస్ట్‌కు ముందే బిగిస్తే చాప మూల చేతికందదు. తీసేటప్పుడు ముందు మాస్ట్ కొస, తర్వాత చాప మూల. పెట్టాక పోల్ వైపు షీట్, అంటే జిబ్ మూలను లాగి పట్టే తాడు, లాగుతూ కర్రను గాలికి అడ్డంగా నిలపాలి. ఎక్కువ లాగితే చాప పలకలా చదునైపోయి పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. తక్కువైతే చాప ముందంచు లోపలికి మడుచుకుంటుంది.

పెద్ద చాప సంగతి మరిచిపోతే ఇదంతా వృథా. బూమ్‌ను, అంటే పెద్ద చాప అడుగున ఉండే కర్రను, మాస్ట్‌ను నిలబెట్టే పక్క తీగ దాకా వదిలి, బూమ్‌ను కిందికి పట్టే వాంగ్ తాడు బిగించాలి. వాంగ్ వదులుగా ఉంటే బూమ్ పైకి లేచి చాప పై భాగం ముందుకు తిరుగుతుంది, పడవ ఊయలలా అటూ ఇటూ ఊగుతుంది. నది మీద ఇది పెద్దగా తెలియదు. మన తీరంలో మాత్రం మధ్యాహ్నం తర్వాత గాలి సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది. గాలివాటున వస్తున్నామంటే అలలూ వెనక నుంచే ఎత్తుతుంటాయి. ఆ ఊపులో పోల్ కొస నీళ్ళలో మునిగిందా, కర్ర విరుగుతుంది, లేదా మాస్ట్ రింగు ఊడివస్తుంది. మైపాడు అయినా కొత్తపట్నం అయినా ఒడ్డు అలలు విరిగే చోటికి రాకముందే పోల్ దించెయ్యాలి.

పెద్ద పడవల్లో కర్రను పైనుంచి ఒక తాడు, కింది నుంచి ఒక తాడు పట్టి ఉంచుతాయి. పక్క తీగకు ఆనుకుని కర్ర వంగడం అక్కడ తరచూ జరిగే తప్పు. షీట్ వదలకుండా పడవను గాలి వైపు తిప్పితే అదే జరుగుతుంది. పొడవు కూడా ఇష్టం వచ్చినంత కాదు. మాస్ట్‌కూ ముందు తీగ అడుగుకూ మధ్య ఉన్న దూరాన్నే హద్దుగా పెట్టే క్లబ్బులున్నాయి. ఆ దూరం 3 మీటర్లయితే, దానికి ఒకటిన్నర రెట్లుండే పెద్ద జిబ్‌ను ఆ కర్ర పూర్తిగా చాపలేదు, కొంత చుట్టేసుకోవాలి. ఒకదానిలో ఒకటి జారే గొట్టాల పోల్ అయితే లోపల ఉప్పు, ఇసుక చేరి పిన్ను బిగుసుకుంటుంది. మంచినీళ్ళతో కడగాలి. గ్రీజు రాయకూడదు, ఇసుకను అదే పట్టుకుంటుంది. మన ఊళ్ళలో దొరికే సరుగుడు వాసం బరువెక్కువ, దానికన్నా ఎండిన వెదురు నయం.

మరొకటి. ఆ వార్తలో ‘పోల్ కుడివైపు ఉన్న పడవకే దారి హక్కు’ అని రాశారు. నియమాల్లో పోల్ లెక్కలోకే రాదు, పెద్ద చాప ఏ పక్కనుందో అదే చూస్తారు. చాప ఎడమ పక్కనుంటే స్టార్‌బోర్డ్ టాక్, కుడి పక్కన చాప ఉన్న పడవ దానికి దారివ్వాలి. పోల్ విషయంలో నియమం వేరే ఉంది: జైబ్ చేసేటప్పుడు, అంటే వెనకగాలిలో చాపలను ఒక పక్క నుంచి రెండో పక్కకు మార్చేటప్పుడు, తప్ప ఒకసారికి ఒక్కటే వాడాలి, అది మాస్ట్‌కే తగిలి ఉండాలి. ఫొటోలో చాప ఎడమ పక్కన ఉంది కాబట్టి హక్కు ఆ పిల్లలదే, మీరు రాసిన కారణం వల్ల మాత్రం కాదు. సవరణ వేసేటప్పుడు ఈ ముక్క కూడా కలపండి.

- ఒక పాఠకుడు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా