మాధవికి, హైడ్రోజన్ల గురించి

కాకినాడ
ఆదివారం

చి. మాధవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ఏడు ఆవకాయ ఆలస్యమైంది. కాయ పుల్లగా లేదని మీ అమ్మ బజారు నుంచి ఊరికే తిరిగొచ్చింది. చివరికి సూర్యం బాబాయి ఎక్కడినుంచో మంచి కాయ పట్టుకొచ్చి, తానే కూర్చుని ముక్కలు కొట్టాడు. నీ వాటా వేరే జాడీలో తీసి పెట్టాం. విజయత్త చిన్నవాడు వచ్చే నెల లండన్ బయలుదేరుతున్నాడు కనుక వాడికిచ్చి పంపుతాం. అక్కడ వాడి అన్న గృహప్రవేశానికి నువ్వు వచ్చావని చెప్పాడు. వచ్చావట, భోజనం చేశావట, తరవాత నీళ్ళ గ్లాసు పట్టుకుని గోడవైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డావట. ఏమైందని అడిగితే 'నన్ను నేను గుర్తుంచుకుంటున్నాను' అన్నావట. విజయత్త ఈ సంగతి వీధి వీధంతా చెప్పింది. నేను పట్టించుకోలేదు.

మేడ మీద ట్యాంకు మార్పించాం. కొత్తది నల్లది. మధ్యాహ్నం నీళ్ళు కాగిపోతున్నాయి, తెల్లది కొనాల్సిందని మీ అమ్మ అంటోంది. బుజ్జిగాడి పరీక్షలు అయ్యాయి, ఎలా రాశాడో వాడికే తెలియదు. నువ్వు అద్దెగది ఖాళీ చేసి, నువ్వు తిరిగే సాధన గుంపు వాళ్ళెవరిదో ఊరి బయట ఉన్న పెద్ద ఇంటికి మారుతున్నావని కూడా విజయత్త చిన్నవాడే అన్నాడు. ఉద్యోగం సంగతి వాడికి తెలియదట. అందుకని నేనూ అడగను.

నువ్వు కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు అలమరలో వదిలేసిన పుస్తకం, మీ గుంపు గురువు గుర్జియెఫ్ బోధల మీద ఆయన శిష్యుడు ఉస్పెన్‌స్కీ రాసినది, చదివాను. రిటైరైనవాణ్ణి, చదవక ఏం చేస్తాను. నువ్వు పెన్సిలుతో గీతలు గీసిన చోట మరింత నిదానంగా చదివాను. అంచుల్లో రాసుకున్న నీ అక్షరాలు చీమల్లా అయిపోయాయి. కళ్ళు చూపించుకున్నావా? కళ్ళజోడు మార్చి చాలా కాలమైంది కదా.

ముందు మంచి చెబుతాను, లేకపోతే నాన్న చదవకుండానే తిట్టాడంటావు. మనిషి మేలుకున్నానని అనుకుంటూనే నిద్రలో నడుస్తున్నాడని, కోపమూ మాటా నవ్వూ అన్నీ మరబొమ్మకు జరిగినట్టు జరిగిపోతున్నాయని గుర్జియెఫ్ అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మా కాలేజీ స్టాఫ్‌రూములో ఎవరి గురించైనా నిర్భయంగా అనదగ్గ మాట. మొన్న బ్యాంకులో వరుసలో నిలబడి, నా ముందువాడి మీద నాకు కోపం ఎక్కడ పుడుతోందో కనిపెట్టాలని చూశాను. ఆ చోటు దొరకలేదు కానీ, నా వంతు వచ్చేసరికి కోపం కాస్త తగ్గి ఉంది. కాబట్టి తనను తాను గమనించుకోవడంలో ఏమీ లేదని నేను అనను. ఆయన ఉన్నట్టుండి 'ఆగు' అని అరిస్తే శిష్యులందరూ ఎక్కడి వాళ్ళక్కడ బిగుసుకుపోయేవారట. మీ చిన్నప్పుడు నువ్వూ బుజ్జీ వరండాలో ఆడిన స్టాట్యూ ఆటే అనిపించింది. అయినా అందులో కూడా ఏదో కిటుకు ఉండే ఉంటుంది. పొయ్యి మీద పాలు ఉన్నప్పుడు మాత్రం ఆ సాధన చేయకు.

ఇక హైడ్రోజన్లు. ఇన్నేళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాడి చేతికి ఆ పుస్తకం ఇవ్వడం నీదే తప్పు. తినే తిండి హైడ్రోజన్ 768 అట. పీల్చే గాలి 192 అట. కంటికీ చెవికీ తగిలే అనుభవాలు 48 అట. నాకు తెలిసిన హైడ్రోజన్‌కు ఒక ప్రోటాను, ఒక ఎలక్ట్రాను. మహా అయితే ఒకటో రెండో న్యూట్రాన్లు ఎక్కువ. ఇది అసలు హైడ్రోజన్ కాదని, పదార్థపు సూక్ష్మతకు పెట్టుకున్న గుర్తని నువ్వంటావు, తెలుసు. అలాంటప్పుడు వేరే పేరు పెట్టుకోవచ్చు కదా. శాస్త్రం దగ్గర పేరు అరువు తెచ్చుకుని, కొలవమనేసరికి ఇది వేరే సంగతి అంటే ఎలా? అంకె వేశారంటే దాన్ని ఎవరు, ఎక్కడ, దేనితో కొలిచారో చెప్పాలి. పైగా భూమి మీది జీవరాశి అంతా చంద్రుడికి ఆహారమట. బామ్మ వింటే అట్లతద్ది నోము మానేసేది.

బండి, గుర్రం, బండివాడు అన్న పోలిక దగ్గర నువ్వు 'కఠోపనిషత్తు!' అని రాసుకున్నావు. బాగుంది, తాతయ్య దగ్గర విన్నది గుర్తుందన్నమాట. కానీ తేడా చూడు. ఉపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. రథంలో ఆత్మ ముందునుంచే కూర్చుని ఉంది. గుర్జియెఫ్ లెక్కలో యజమాని ఇంకా లేడు. మనిషి ఆత్మతో పుట్టడు, కష్టపడి తయారుచేసుకోవాలి. లేదంటే కుక్కచావే. ఇందులో ఏది నిజమో చెప్పేంతవాణ్ణి కాను. కానీ నీలోపల ఇంకా ఎవరూ లేరని ఒకరు చెబితే, నువ్వు కాదన్నప్పుడు ఆ మాట ఎవరన్నట్టు? 'అది నువ్వు కాదు, నీ నిద్ర మాట్లాడుతోంది' అంటారు. ఒప్పుకుంటే మేలుకుంటున్నట్టు, ఒప్పుకోకపోతే నిద్రలో ఉన్నట్టు. ఏ ఫలితం వచ్చినా సరైనదేనంటే మా ల్యాబులో ఆ ప్రయోగానికి మార్కులు వేయం. మీ గుంపు పెద్దను ఒకసారి అడుగు: ఏం జరిగితే ఈ పద్ధతి నాకు పనికిరాలేదని మీరు ఒప్పుకుంటారు? అడిగితే కోప్పడతాడా లేదా, అది నాకు రాయి. ఆ మార్గంలో దేన్నీ నమ్మకం మీద తీసుకోవద్దని, ప్రతిదీ స్వయంగా పరీక్షించుకోవాలని గుర్జియెఫే అన్నాడు కదా. ఆ వాక్యం కింద నువ్వు రెండు గీతలు గీశావు.

తాతయ్య కూడా ఇలాంటి దారిలో నడిచినవారే, నీకు సగం తెలుసు. కుంభకోణం మాస్టర్ సి.వి.వి. గారు 1910లో మొదలుపెట్టిన యోగం అది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కుర్చీలో కూర్చుని 'మాస్టర్ సి.వి.వి. నమస్కారం' అనుకుని కళ్ళు మూసుకునేవారు. విశాఖపట్నంలో ఎక్కిరాల కృష్ణమాచార్యులు గారి ఉపన్యాసాలు వినడానికి సెలవు పెట్టి వెళ్ళి, హోమియో మాత్రల పెట్టెతో తిరిగొచ్చారు. నీకు పళ్ళు వచ్చేటప్పుడు ఆ పెట్టెలోని కెమోమిల్లాయే వేశారు. తాతయ్య స్టేషన్ మాస్టరుగా ఉన్న చోట సాయంత్రం పాసింజరు సరిగ్గా ఆరింటికే రావాలి. సమయానికి రాదు కనుక చాలా రోజులు ప్రార్థనకు అడ్డం ఉండేది కాదు. వచ్చిన రోజు మాత్రం ముందు జెండా ఊపి, బండిని పంపించి, తరవాత కుర్చీలో కూర్చునేవారు.

ఆ రోజుల్లో ఎవరి ద్వారానో ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చాడు. సి.వి.వి. గారి మార్గంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు, సొంతంగా ఏడు మెట్ల పద్ధతి ఒకటి కల్పించుకున్నాడు. మంచి కంఠం. నేనూ నోరు తెరుచుకునే విన్నాను. ఒక్కో మెట్టుకు ఒక్కో బంధం వదులుకోవాలట. ఇంటి తిండి వదలడం మొదటిది, ఇంటికి ఉత్తరాలు రాయడం మానడం రెండోది. తాను మాత్రం బామ్మ చేతి పనసపొట్టు కూర మారు వడ్డించుకుని తినేవాడు. 'రైలు కోసం ప్రార్థన ఆపుతారా, మాస్టారూ?' అని తాతయ్యను నిలదీశాడు. 'రైల్లో ఉన్నవాళ్ళు ఇళ్ళకు వెళ్ళాలి కదండీ' అన్నారు తాతయ్య. అంతే, ఆ సంభాషణ అక్కడితో అయిపోయింది. కానీ డిగ్రీ మధ్యలో ఉన్న మీ సూర్యం బాబాయికి ఆ పెద్దమనిషే గొప్పగా కనిపించాడు. ఆయన వెళ్ళిన వారానికి వీడూ వెళ్ళాడు.

మొదట్లో కార్డులు వచ్చేవి. 'బాగున్నాను. నన్ను నేను చూసుకుంటున్నాను.' తరవాత అవీ ఆగిపోయాయి. బామ్మ ఏడ్చింది, నేను తిట్టాను, తాతయ్య మాత్రం నెల నెలా మనియార్డరు కట్టేవారు. చిరునామాదారు లేరని అది తిరిగొచ్చేది. తిరిగొచ్చిన డబ్బుకు ఇంకొంచెం కలిపి, పై నెల మళ్ళీ అదే చిరునామాకు కట్టేవారు. అంతకుమించి కొత్త చిరునామా ఎవరి దగ్గరా లేదు. పోస్టుమాస్టరే మొహమాటపడి 'ఎందుకండీ కమీషను దండగ' అన్నా వినలేదు. చివరికి ఒక సాయంత్రం బాబాయి ఆ పాసింజరులోనే దిగాడు. తాతయ్య జెండా ఊపి, బండిని పంపించి, వాడి వైపు తిరిగి 'స్నానం చెయ్యి, అన్నం తిందాం' అన్నారు. ఆ రోజు ప్రార్థనకు చాలా ఆలస్యమైంది.

ఈ భాగమంతా నీకు ఎవరూ చెప్పి ఉండరు. మొన్న ముక్కలు కొడుతూ, నేను అడక్కుండానే బాబాయి అన్నాడు: 'అక్కడ ఏమీ లేదని మొదటి ఏడాదే తెలిసిపోయింది అన్నయ్యా. మిగతా కాలమంతా ఇంటికి రావడానికి మొహం చెల్లక ఉన్నాను. మీరు తిడతారని కాదు, ఏమీ అనరని.' ఇది నీకు రాయమని వాడు చెప్పలేదు. వద్దనీ అనలేదు.

ఊరి బయట ఇళ్ళంటే గుర్తొచ్చింది. గుర్జియెఫ్ 1922లో ఫ్రాన్సులో ఫాంటెన్‌బ్లో దగ్గర పెద్ద భవంతి తీసుకున్నాడు కదా. కేథరీన్ మాన్స్‌ఫీల్డ్ అనే కథారచయిత్రి ఆ అక్టోబరులో అక్కడికి వెళ్ళింది. క్షయ రోగి. ఆవుల ఊపిరి మంచిదని గొడ్లసావిడి మీద అటక కట్టించి ఆమెను అక్కడ కూర్చోబెట్టేవారు. 1923 జనవరి 9న పోయింది. వయసు 34. అందరూ అన్నట్టు ఆయనే చంపాడని నేను అనను. ఆమె అప్పటికే చివరి దశలో ఉంది, అక్కడ సంతోషంగానే ఉన్నట్టు ఉత్తరాలు రాసింది. ఉత్తరాలు రాసింది, గమనించావా. నీకు దగ్గు తగ్గిందా? ఆ ఇంట్లో గదులు వెచ్చగా ఉంటాయా?

గుర్జియెఫ్ ఇంకో శిష్యుడు ఓరాజ్ సంగతి ఇంకా చిత్రం. లండన్‌లో నడుపుతున్న పత్రికను వదిలేసి వెళ్ళి అక్కడ మట్టి తవ్వాడు, తరవాత న్యూయార్కులో ఏళ్ళపాటు గురువు పేరున గుంపు నడిపి డబ్బు పోగుచేసి పంపాడు. చివరికి గుర్జియెఫ్ వచ్చి, 'ఓరాజ్‌తో మాకు సంబంధం లేదు' అని శిష్యులందరినీ సంతకం పెట్టమన్నాడు. ఓరాజ్ స్వయంగా వచ్చి ఆ కాగితం మీద తానూ సంతకం పెట్టాడు! చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తరవాత ఆయన లండన్ తిరిగొచ్చి 1932లో ఇంకో పత్రిక పెట్టుకున్నాడు, హాయిగా. ఉస్పెన్‌స్కీ అయితే మహిమలు వెతుక్కుంటూ మన మద్రాసు అడయారు దాకా వచ్చి, ఇక్కడ దొరక్క, 1915లో మాస్కోలో గురువును కనుగొన్నాడు. 1924 నాటికి ఆయన నుంచి విడిపోయాడు. 1947లో, పోయే ఏడాది, ఈ వ్యవస్థను కూడా వదిలేశానని తన శిష్యులకే చెప్పాడు. పెద్దవాళ్ళే లోపలికి వెళ్ళి, నేర్చుకోవలసింది నేర్చుకుని, బయటికి వచ్చారు. నువ్వు చదివిన పుస్తకంలో ఈ చివరి భాగం లేదు కనుక రాస్తున్నాను.

ఇంకొకటి. ఫకీరు, సన్యాసి, యోగి ముగ్గురూ లోకం వదిలి వెళ్ళాలి, గుర్జియెఫ్ చెప్పే నాలుగో మార్గంలో మాత్రం ఉన్నచోటే, ఉద్యోగమూ ఇల్లూ మధ్యనే సాధన చెయ్యాలి అని ఆ పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ పేజీలో నీ పెన్సిలు గీత ఒక్కటీ లేదు. ఎందుకు లేదో నేను అడగడం లేదు. ఉద్యోగం అక్కర్లేదనుకుంటే మానుకో, అది నీ ఇష్టం, కానీ వీసా సంగతి చూసుకుని మానుకో. నెల నెలా చందా ఇస్తే ఇవ్వు, పొదుపు మాత్రం ముట్టుకోకు. పూచీకత్తు కాగితం దేనిమీదా సంతకం పెట్టకు. నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి, ఎవరి బీరువాలోనూ కాదు. రాత్రి నిద్ర తగ్గించమంటే వినకు, అలసిన మనిషికి ఎవరు ఏం చెప్పినా పరమసత్యంలాగే వినిపిస్తుంది. మీ అమ్మ వెనక నిలబడి ఇదంతా చదువుతూ 'ఉత్తరమా, క్లాసా?' అంటోంది. పోనీ, ఆపేస్తాను.

జాడీతో పాటు కందిపొడి, నువ్వు వదిలేసి వెళ్ళిన ఊలు మఫ్లరు పంపుతున్నాం. డబ్బు కావాలంటే రాయి, ఎందుకని నేను అడగను. మీ అమ్మ అడుగుతుంది. ఫోను ఎత్తడం సాధనకు అడ్డమైతే ఎత్తకు, కార్డు రాయి. అదీ కుదరకపోతే ఆ ఇంటి చిరునామా ఒక్కటి పంపు, పోస్ట్‌కోడ్‌తో సహా, ఇంటి నంబరు స్పష్టంగా, పెద్ద అక్షరాల్లో.

నాన్న