కొత్త యాప్ కాదు, ఫారంలో ప్రశ్నలు తగ్గించండి

సంపాదకులకు,

పౌరసేవల కోసం మరో కొత్త యాప్ వస్తోందని పోయిన ఆదివారం మీ పత్రికలో చదివాను. ఎందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను, మనసొప్పక రాస్తున్నాను.

నాన్నగారు పోయాక ఇంటి పన్ను అమ్మ పేరు మీదికి మార్పించడానికి ఈమధ్య ఒక కార్యాలయం వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాను. అమ్మకు 84 ఏళ్లు. పుట్టిన తేదీ టైప్ చేయనివ్వదు, క్యాలెండర్‌లోనే ఎంచుకోవాలి. అదేమో ఈ నెలతో తెరుచుకుంటుంది. వెనక్కి వెళ్లాలంటే నెలకోసారి బాణం గుర్తు నొక్కాలి. అంటే వెయ్యిసార్లకు పైనే! 1980 దాకా వెళ్లేసరికి టైమ్ అయిపోయిందంటూ పేజీ మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రం మా అబ్బాయి కూర్చుని ఎలాగో పూర్తిచేస్తే, ఓటీపీ నాన్నగారి నంబరుకు వెళ్లింది. ఆ సిమ్ ఆగిపోయి ఆరు నెలలైంది. మనిషి పోయాడని చెప్పడానికి ఆ మనిషి ఫోనే కావాలంటే ఎక్కణ్నుంచి తేవాలి?

మరణ ధ్రువపత్రం స్కాన్ చేసి పెడితే సైజు ఎక్కువంది. తగ్గించి పెడితే అక్షరాలు కనిపించడం లేదని తిప్పి పంపారు. తెలుగు బటన్ నొక్కితే పైన శీర్షికలు మాత్రమే తెలుగులోకి మారతాయి, తప్పు ఎక్కడుందో చెప్పే ముక్క ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇంతా చేశాక, అవే కాగితాలు రెండు సెట్లు జిరాక్స్ తీసి ఆఫీసుకు రమ్మన్నారు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. కొత్త ప్రొఫార్మా తయారైతే మా సూపరింటెండెంటు గారు ఎర్ర సిరా పెన్ను పట్టుకుని కూర్చునేవారు. "ఈ కాలమ్ ఎవరు చూస్తారు? చూసి ఏం చేస్తారు?" అని అడిగేవారు. మేం నీళ్లు నమిలితే కొట్టేసేవారు. ఇంటి నంబరు, కొలతలు, నాన్నగారి పేరు ఆ కార్యాలయం దగ్గర ఉన్నవే, ఏటా పన్ను నోటీసు వాటితోనే వస్తుంది. మళ్లీ మమ్మల్ని అడగడం దేనికి? ఇప్పుడు ఎర్ర పెన్ను పట్టేవాళ్లే లేరు. పాత ఫారం అలాగే ఉంచి దానికి స్క్రీన్ తగిలిస్తున్నారు.

ఈ ఊరికి చేతకాని పనేం కాదిది. 2001లో ఈ-సేవ వచ్చాక కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ఇంటి పన్ను ఒకే కౌంటర్లో కట్టాం. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది కూడా హైదరాబాద్‌లోనే. మూడంకెలు నొక్కితే అంబులెన్స్ వస్తుంది, నేర్చుకోవాల్సింది ఇంకేమీ లేదు. మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడకు చదువు రాదు. బండి మీద క్యూఆర్ కోడ్ అట్ట పెట్టుకుంది, ఎన్ని రూపాయలొచ్చాయో పక్కనున్న చిన్న స్పీకరు తెలుగులో చెబుతుంది. ఆవిడ తక్కెడ మీంచి చూపు కూడా తిప్పదు. టెక్నాలజీ అంటే నాకు పడక ఇదంతా రాయడం లేదు.

మా అమ్మ దరఖాస్తు ఇంకా 'పరిశీలనలో' ఉంది. కొత్త యాప్ తయారుచేస్తున్నవారు విడుదలకు ముందు మా ఇంటికి రావాలని కోరుతున్నాను. ఫోను అమ్మ చేతికిచ్చి, పక్కన కూర్చుని చూడండి. ఉదయం పూట రండి, అప్పుడైతే ఆవిడకు అక్షరాలు బాగా కనిపిస్తాయి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, నల్లకుంట, హైదరాబాద్